దొంగెవడో తెలిశాక కూడా ‘వన్స్ మోర్’

ప్రశ్న: నా వయసు 48. వరంగల్‌లో ప్రభుత్వ ఉద్యోగం. పోయిన నెల స్కూటర్ జారి కాలు విరిగింది. కట్టు విప్పడానికి ఇంకో ఆరు వారాలు పడుతుందన్నారు. పదేళ్ల కిందట అమెరికా నుంచి వచ్చినప్పుడు మా తమ్ముడు మూడు క్రైమ్ సీరియళ్ల డీవీడీలు తెచ్చిచ్చాడు: ‘ది సొప్రానోస్’, ‘ది వైర్’, ‘బ్రేకింగ్ బ్యాడ్’. అప్పుడే మూడూ చూశాను. ‘బ్రేకింగ్ బ్యాడ్’ ఊపిరి బిగబట్టి చూశాను. ‘సొప్రానోస్’ ఫర్వాలేదనిపించింది. ‘ది వైర్’ సగం అర్థం కాలేదు, అయినా మొండిగా పూర్తి చేశాను. ఇప్పుడు మంచం మీదే కదా అని ‘బ్రేకింగ్ బ్యాడ్’ మళ్లీ మొదలుపెడితే రెండో సీజన్లో ఆగిపోయాను. అంతగా నచ్చిన సీరియల్ ఇప్పుడెందుకు నడవడం లేదు? మూడింటిలో మళ్లీ చూడదగ్గది ఏది? మా ఆవిడేమో ‘దొంగెవడో తెలిసిపోయాక మళ్లీ చూసేదేముంది’ అంటుంది. తనతో కలిసి చూడదగ్గది ఉంటే అదీ చెప్పండి.

జవాబు: ముందు లెక్క చూద్దాం. ‘సొప్రానోస్’ 86 ఎపిసోడ్లు, ‘ది వైర్’ 60, ‘బ్రేకింగ్ బ్యాడ్’ 62. మొత్తం 208. ఆరు వారాలంటే 42 రోజులు. రోజుకు ఐదు చొప్పున చూస్తే అన్నీ అయిపోగా రెండు ఎపిసోడ్లకు చోటు మిగులుతుంది కూడా. లెక్క కుదిరింది గానీ మీ కళ్లు కుదరనివ్వవు. అంచేత ఒకదాన్ని ఎంచుకోవాల్సిందే. (ఈ మూడూ ఇంకా చూడని పాఠకులు ఇక్కడితో ఆగిపోవడం మంచిది. ఎవరు చస్తారో, ఎవరు మిగులుతారో దాచకుండా రాస్తున్నాను.)

మీ ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. అయితే మన పద్య నాటకాలు చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. రాయబారం సీనులో ‘జెండాపై కపిరాజు’ అందుకోగానే జనం ‘వన్స్ మోర్’ అని అరిచేవాళ్లు. రాయబారం చెడిపోతుందని, యుద్ధం వస్తుందని, ఎవరు గెలుస్తారో కూడా ఆ పందిట్లో చంటిపిల్లలకు తప్ప అందరికీ తెలుసు. అయినా నటుడు వెనక్కి వచ్చి మళ్లీ ఎత్తుకోవాల్సిందే. వాళ్లు అడిగింది కథ కాదు, ఆ రాగం మీద నడిచే పద్యం. మళ్లీ చూడటం గురించి మీరడిగినదానికి నా దగ్గరున్న కొలబద్ద కూడా అదే. సీరియల్ మన దగ్గర ఏం దాచిందో చూడండి. ‘ఎవరు చేశారు’ అన్నది దాచితే, అది బయటపడిన రోజుతో దాని పని అయిపోతుంది. ఏమీ దాచకుండా అన్నీ కళ్లెదుట పెట్టేసి, మనకే చూడటం రాలేదంటే మాత్రం రెండోసారి చూడాలి. అవార్డులు చూసి ఎంచుకుందామా అంటే అదీ కుదరదు. ‘సొప్రానోస్’కు 21 ఎమ్మీలు, ‘బ్రేకింగ్ బ్యాడ్’కు 16. ‘ది వైర్’కు ఒక్కటంటే ఒక్కటీ రాలేదు. ఆ ఐదు సీజన్లలో రెండుసార్లు, అదీ రచనకే, నామినేషన్ దాకా వెళ్లి ఆగిపోయింది.

‘బ్రేకింగ్ బ్యాడ్’ ఎందుకు నడవడం లేదో చెబుతాను. మొదటిసారి చూస్తుంటే దాన్ని మించింది లేదు. ప్రతి ఎపిసోడ్ చివరా ‘ఈసారి ఎలా బయటపడతాడు’ అనే టెన్షన్ మీదే బండి నడుస్తుంది. మీకు జవాబులన్నీ తెలుసు కాబట్టి ఆ పెట్రోలు అయిపోయింది. మీరు ఆగిన రెండో సీజన్నే చూడండి. ఈత కొలనులో తేలే గులాబీ రంగు టెడ్డీ బేర్, ఆ నలుపు తెలుపు దృశ్యాలు నాలుగు ఎపిసోడ్ల మొదట్లో వస్తాయి. ఆ నాలుగింటి పేర్లు వరసగా చదివితే ‘సెవెన్ థర్టీ సెవెన్’, ‘డౌన్’, ‘ఓవర్’, ‘ఏబీక్యూ’. 737 విమానం ఆల్బుకర్కీ మీద కూలిందని పేర్లలోనే చెప్పేశారు. తెలిసినప్పుడు భలే అనుకుంటాం. అర నిమిషం తర్వాత మామూలే. పొడుపుకథ విప్పాక మిగిలేది అంతే కదా.

ఇంకో కారణం మీ వయసు. మొదటి ఎపిసోడ్లో హీరో వాల్టర్ వైట్‌కు, క్యాన్సర్ వచ్చి డ్రగ్స్ తయారీకి దిగే ఆ కెమిస్ట్రీ మాస్టారికి, 50వ పుట్టినరోజు. భార్య పళ్లెంలో బేకన్ ముక్కలతో 50 అంకె పేర్చి పెడుతుంది. పదేళ్ల కిందట మీకు అతనొక పెద్దమనిషి. ఇప్పుడు అతనికీ మీకూ రెండేళ్లే తేడా. మొదటి సీజన్ ఐదో ఎపిసోడ్ ‘గ్రే మ్యాటర్’లో పాత స్నేహితుడు ఉద్యోగమిస్తానంటాడు, వైద్యం ఖర్చంతా తానే చూసుకుంటానంటాడు. వాల్టర్ వద్దంటాడు. మొదటిసారి దాన్ని ఆత్మాభిమానం అనుకున్నాం. రెండోసారి చూస్తే కథ అక్కడే తేలిపోతుంది. ‘కుటుంబం కోసం’ అన్న మాటకు ఆ తర్వాత విలువ లేదు. ఆ సంగతి అతను భార్య ముందు ఒప్పుకునేది చివరి ఎపిసోడ్లో: నా కోసమే చేశాను, నాకు నచ్చింది అని. మీకది ఐదో ఎపిసోడ్‌కే తెలిసిపోయాక మిగతా 57 ఎపిసోడ్లు అతని అబద్ధాలు వింటూ కూర్చోవాలి. ఆగిపోవడంలో వింతేముంది!

అందుకని దాన్ని వరసగా చూడకండి. మూడో సీజన్లోని ‘ఫ్లై’ ఒక్కటి పెట్టుకోండి. బడ్జెట్ కలిసిరాక దాదాపు మొత్తం ఒక్క ల్యాబ్‌లోనే తీశారు. వాల్టర్, అతని కుర్ర భాగస్వామి జెస్సీ, ఒక ఈగ. అప్పట్లో మీరూ దాన్ని ఫార్వర్డ్ చేసే ఉంటారు, నేనూ చేశాను. ఈసారి వాల్టర్ మత్తు మాత్రల మగతలో జెస్సీ ప్రియురాలు జేన్ చావు గురించి నోరు జారబోయే చోట నిచ్చెన మీద నిలబడ్డ జెస్సీ ముఖం చూడండి. అతనికి తెలియనిది మనకు తెలుసు. అలా చూసేవాళ్ల కోసమే తీసిన ఎపిసోడ్ అది. తర్వాత ‘ఓజిమాండియాస్’ ఒకటి చూసి డబ్బా మూసేయండి.

ఇక ‘ది వైర్’, అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో డ్రగ్స్ ముఠాలకూ పోలీసులకూ మధ్య నడిచే కథ. మీరు సగం అర్థం కాలేదన్నారు. అదే మీ అదృష్టం, ఆ సగం ఇంకా మిగిలే ఉంది. ఈ ఆరు వారాలకు నా ఓటు దీనికే.

మొదటిసారి అర్థం కాకపోవడం మీ ఇంగ్లీషు లోపం కాదు. బాల్టిమోర్ వీధుల యాస అది. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, నేనూ పెట్టుకునే చూశాను. రాసినవాళ్లలో డేవిడ్ సైమన్ ‘బాల్టిమోర్ సన్’ పత్రికలో నేరవార్తలు రాసినవాడు. ఎడ్ బర్న్స్ అదే ఊళ్లో పోలీసు డిటెక్టివ్‌గా చేసి, తర్వాత బడి పంతులైనవాడు. చూసేవాళ్లకు విడమరచి చెప్పడం ఇద్దరికీ గిట్టదు. మొదటి ఎపిసోడ్ చివర ఒక చిన్న ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది, అదీ సీరియల్ వేసిన ఛానల్ హెచ్‌బీఓ పట్టుబడితే పెట్టిందే. ఆ తర్వాత గుర్తుపెట్టుకునే పని మొత్తం మనదే. మొదటిసారి ముఖాలు, పేర్లు కలుపుకోవడానికే సరిపోతుంది. పెళ్లికి వెళ్లి భోజనం మానేసి చుట్టరికాలు కలుపుకుంటూ తిరిగినట్టు. ఈసారి చుట్టరికాలన్నీ తెలుసు కాబట్టి విస్తరి ముందు కూర్చోవచ్చు.

ఒక్క సీను చెబుతాను. మొదటి సీజన్ మూడో ఎపిసోడ్. బోడీ, వాలెస్ అనే ఇద్దరు కుర్రాళ్లు చదరంగం బల్ల మీద చెకర్స్ ఆడుతుంటారు. వాళ్ల మీద పెత్తనం చేసే డిఏంజెలో చూసి, అలా కాదు, ఈ ఆట వేరే అని నేర్పిస్తాడు. రాజంటే ఎవరో, బంటు అంటే ఎవరో తమ గంజాయి వ్యాపారం భాషలో చెబుతాడు. పొరపాటు, అక్కడ అమ్మేది గంజాయి కాదు, హెరాయిన్. బోడీకి బంటు మీదే ధ్యాస. అవతలి గట్టుకు చేరితే బంటు రాజవుతుందా అని అడుగుతాడు. కాదు, రాజు ఎప్పుడూ రాజే, బంట్లు తొందరగా పోతాయి అంటాడు డిఏంజెలో. తెలివైన బంటు అయితేనో అంటాడు బోడీ. మొదటిసారి చూసినప్పుడు ‘పోలిక బాగుంది’ అనుకుని ముందుకు వెళ్లిపోతాం.

రెండోసారి అలా వెళ్లలేం. వాలెస్ ఆ సీజన్ చివర్లో చచ్చిపోతాడు, తుపాకీ పట్టింది ఆ పక్కన కూర్చున్న బోడీనే. డిఏంజెలో రెండో సీజన్లో జైల్లో పోతాడు. బోడీ నాలుగో సీజన్ చివర తన మూల వదలకుండా నిలబడి పోతాడు. పోయే ముందు పోలీసు డిటెక్టివ్ మెక్‌నల్టీతో, చదరంగంలో ఆ చిన్న పావుల్లా ఉంది నా పని అని అంటాడు. మధ్యలో మూడు సీజన్లు గడిచాయి. గుర్తుచేయడానికి పాత సీను ముక్క వెయ్యరు, సంగీతం పెంచరు. గుర్తుంటే ఉంది, లేకపోతే లేదు. మీకు ఆ మాట మొదటిసారి వినబడే ఉండదు. నాకూ వినబడలేదు.

ప్రెజ్ కథ కూడా అంతే. రెండో ఎపిసోడ్లోనే ఒక కుర్రాణ్ణి తుపాకీ మడమతో కొట్టి కన్ను పోగొట్టిన పనికిమాలిన పోలీసు. శిక్షగా ఆఫీసులో కూర్చోబెడతారు. ఆ ఖాళీలో అతను డ్రగ్స్ ముఠా వాడే పేజర్ కోడ్ విప్పుతాడు. ఫోన్ బటన్ల మీద 5 నడిమధ్యన ఉంటుంది కదా, ఒక అంకె నొక్కాలంటే 5 మీదుగా దూకి అవతలి అంకె నొక్కుతారు. 1కి 9, 2కి 8, 3కి 7, 4కి 6. 5కూ సున్నాకూ చోట్లు మార్చారు. లెక్కలు రాని పిల్లలకు కూడా పట్టుబడే కోడ్ ఇది, అందుకే వాడారు. (ఎస్టీడీ బూత్‌లు చూసిన మనకు ఆ పేఫోన్లూ పేజర్లూ కొత్త కాదు. మీ పిల్లలు చూస్తే మాత్రం ‘సెల్ ఎందుకు తీయరు’ అంటారు.) నాలుగో సీజన్లో అదే ప్రెజ్ బడిలో లెక్కల మాస్టారు. ఒకప్పుడు ఒక పిల్లాడి కన్ను పోగొట్టిన చెయ్యే చాక్‌పీస్ పట్టుకుంటుంది. ఈ రెండింటినీ ఏ పాత్రా ఎక్కడా కలిపి మాట్లాడదు. కలుపుకోవాల్సింది మీరే. ఆ బడిలోని డ్యూకీ చివరకు ఏమవుతాడో తెలిశాక, మొదటి సీజన్లో తోపుడు బండితో తిరిగే, మత్తుకు బానిసైన బబుల్స్‌ను మీరు మునుపటిలా చూడలేరు.

ఒక హెచ్చరిక. రెండో సీజన్ మొదలవగానే పాతవాళ్లందరూ పక్కకుపోయి, రేవులో పనిచేసే తెల్ల కూలీలు వస్తారు. నేను రెండుసార్లు అక్కడే ఆపేశాను. ఆ కోపంలో, హిట్టయిన సినిమాకు సంబంధం లేని సీక్వెల్ తీశారని తిట్టుకున్నాను కూడా. ఇప్పుడడిగితే ఐదింటిలోనూ నాకు ఎక్కువసార్లు చూడాలనిపించేది అదే. ఓడలు రాక, పని దినాలు తగ్గిపోతుంటే యూనియన్ నాయకుడు ఫ్రాంక్ సొబొట్కా స్మగ్లింగ్ డబ్బు తెచ్చి రేవు బాగుచేయించాలని రాజకీయ నాయకుల చుట్టూ తిరుగుతుంటాడు. మిల్లు మూతపడటం దగ్గర్నుంచి చూసిన ఊరివాడెవరికైనా ఆ మనిషి తెలిసినవాడే. ఆజం జాహి మిల్లు పక్కన పెరిగిన వరంగల్‌వాళ్లకు నేను చెప్పాలా?

ఐదో సీజన్ మాత్రం కొంచెం తేలిపోతుంది. పత్రికాఫీసు భాగంలో సైమన్ తన పాత కోపాలు తీర్చుకున్నట్టు ఉంటుంది. ఓపిక చూసుకోండి.

‘సొప్రానోస్’ మీకు ఫర్వాలేదనిపించింది అన్నారు. ముప్పై ఎనిమిదేళ్లకు అలాగే అనిపిస్తుంది. అప్పుడు మనం తర్వాత ఎవరిని లేపేస్తారా అని చూస్తాం. మాఫియా నాయకుడు టోనీ సొప్రానో డ్రెస్సింగ్ గౌన్‌లో పొట్ట కనిపిస్తుండగా వాకిట్లోకి నడిచొచ్చి పేపరు తీసుకోవడం, ఫ్రిజ్ తలుపు తీసి నిలబడే ఏదో నమలడం, తల్లిని వృద్ధుల ఆశ్రమంలో చేర్పించి ఆ నేరభావంతో నలిగిపోవడం, ఇవన్నీ అప్పుడు మధ్యలో అడ్డొచ్చిన సీన్లు. ఇప్పుడు మీ ఈడు మనిషి కథ. మొదటి సీజన్ ‘కాలేజ్’ ఎపిసోడ్లో కూతురికి కాలేజీలు చూపించడానికి మెయిన్ రాష్ట్రానికి తీసుకెళ్లి, దారిలో పాత ద్రోహి కనిపిస్తే గొంతు నులిమి వచ్చి మళ్లీ కారు నడుపుతాడు. కూతురు అడిగే ప్రశ్నలకు అతను చెప్పే సగం నిజాలు వినండి, చాలాచోట్ల నవ్వొస్తుంది. ఇది ఎంత హాస్యమో నాకు రెండోసారికి గాని తెలియలేదు.

చివరి ఎపిసోడ్లో తెర ఠక్కున నల్లబడిపోయినప్పుడు, 2007 జూన్ 10 రాత్రి అమెరికాలో చాలామంది కేబుల్ పోయిందనుకున్నారు. మీరు డీవీడీ పాడైందనుకుని ఉంటారు. ఆ చివరి తొమ్మిది ఎపిసోడ్లలో మొదటిది మళ్లీ పెట్టండి. టోనీ 47వ పుట్టినరోజుకు సరస్సు దగ్గరికి వెళతారు. పడవలో కూర్చుని అక్క మొగుడు బాబీ ఒక మాటంటాడు: అది జరిగేటప్పుడు చప్పుడు కూడా వినబడదేమో కదా అని. అది చావు గురించి. అప్పుడు చేపలు పట్టే ఇద్దరి పనిలేని కబుర్లలా ఉంటుంది. ముగింపు తెలిసినవాళ్లకు ఎలా వినిపిస్తుందో మీరే చూడండి. మొత్తం 86 ఇప్పుడే అక్కర్లేదు. మొదటి సీజన్ 13, ఆఖరి 9 చాలు.

హత్య ఎవరు చేశారన్నదే ప్రాణంగా నడిచే బ్రిటిష్ సీరియళ్లు చాలా బాగుంటాయి, ఒకసారికి. ‘ట్రూ డిటెక్టివ్’ మొదటి సీజన్ (2014) మధ్యస్థం. ఎనిమిదే ఎపిసోడ్లు, లూసియానా చిత్తడి నేలలు, మాథ్యూ మెక్‌కానహీ కోసం చూడొచ్చు. హంతకుడు మూడో ఎపిసోడ్లోనే గడ్డి కోస్తూ కనిపించేశాడని రెండోసారి తెలుస్తుంది. మన దగ్గర ‘ఢిల్లీ క్రైమ్’ మొదటి సీజన్ మీ ఆవిడ మాటకు మంచి జవాబు: 2012 నాటి కేసు, దోషులెవరో దేశమంతటికీ తెలుసు, అయినా కదలకుండా చూస్తాం. 2020లో అంతర్జాతీయ ఎమ్మీ వచ్చింది. కానీ నేను దాన్ని రెండోసారి చూడలేను. బాగాలేక కాదు. అన్ని మంచివీ మళ్లీ చూడాల్సినవి కావు.

ఇక మీ ఆవిడతో కలిసి చూడటం గురించి. ‘సొప్రానోస్’ హాల్లో పెట్టకండి. బడా బింగ్ క్లబ్బులో బట్టల్లేని అమ్మాయిలు నాట్యం చేస్తుండగా, బత్తాయిల సంచీ పట్టుకుని మిమ్మల్ని పలకరించడానికి మేనమామగారు లోపలికి వస్తారు. కాలు విరిగినవాడు లేచి రిమోట్ అందుకోలేడు కూడా.

ఆమెకు ‘కొలంబో’ చూపించండి. దొంగెవడో తెలిశాక చూసేదేముంది అన్నారు కదా, ఇందులో దొంగెవడో మొదటి పావుగంటలోనే చూపించేస్తారు. ఎలా చంపాడో, సాక్ష్యం ఎలా మాయం చేశాడో మన కళ్లముందే జరుగుతుంది. తర్వాత నలిగిన వానకోటు వేసుకుని, చుట్ట కాలుస్తూ, మతిమరుపు మనిషిలా పీటర్ ఫాల్క్ వస్తాడు. వెళ్లిపోతూ గుమ్మం దాకా వెళ్లి, ఇంకొక్క మాటండీ అని వెనక్కి తిరుగుతాడు. హంతకుడు డబ్బున్నవాడు, చదువుకున్నవాడు, ఈయనను లోకువగా చూస్తాడు. ఆ లోకువే అతన్ని పట్టిస్తుంది. 1971 సెప్టెంబర్‌లో సీరియల్‌గా మొదలైనప్పుడు వచ్చిన మొదటి ఎపిసోడ్ ‘మర్డర్ బై ది బుక్’. జంటగా డిటెక్టివ్ నవలలు రాసే ఇద్దరిలో ఒకడు రెండోవాణ్ణి చంపుతాడు. దర్శకుడు అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని స్టీవెన్ స్పీల్‌బర్గ్. దేనికది విడి కథ, గంటంబావు, గంటన్నరలో అయిపోతుంది. రక్తం లేదు, బూతు లేదు, మేనమామగారిని కూడా కూర్చోబెట్టొచ్చు.

పగలు మీరొక్కరూ ‘ది వైర్’ రోజుకు రెండు వేసుకుంటే నెలకు పూర్తవుతుంది. మిగిలిన 12 రోజులు నేను చెప్పిన ‘సొప్రానోస్’ ముక్కలు. రాత్రి భోజనాలయ్యాక ‘కొలంబో’. కట్టు విప్పి నడక మొదలెట్టాక, ‘బ్రేకింగ్ బ్యాడ్’కు ముందు కథ ‘బెటర్ కాల్ సాల్’ మొదలుపెట్టండి. మీ జాబితాలో అది లేదు కాబట్టి చూసుండరు. ‘బ్రేకింగ్ బ్యాడ్’ రెండో సీజన్లో, మీరు ఆగిన చోటు చుట్టుపక్కలే, లాయర్ సాల్‌ను ఎడారిలో గోతి ముందు మోకాళ్ల మీద కూర్చోబెడితే భయంతో ఇగ్నాసియో, లాలో అని రెండు పేర్లు అరుస్తాడు. అప్పుడు ఆ పేర్లకు అర్థం లేదు. ఏళ్లు గడిచాక ఆ ఇద్దరి కథా ఈ సీరియల్లో వచ్చింది. 63 ఎపిసోడ్లూ చూశాక ఆ ఎడారి సీను మళ్లీ పెట్టుకోండి.

అన్నట్టు, కొలంబో కూడా మీలాగే మాటకు ముందు ‘మా ఆవిడ అంటుంది’ అంటుంటాడు. ఆమె ఆ సీరియల్లో ఒక్కసారీ తెర మీదికి రాదు. మీ ఆవిడ రెండో రోజుకల్లా అడుగుతారు, ఆ మనిషి పెళ్లాం ఏదీ అని.